పేద, మధ్యాదాయ దేశాల భూకంప ప్లాన్లు: కాగితం మీద అన్నీ ఒకటే, తేడా ఎక్కడ?

పునాదిరాయి

నేపాల్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, పాకిస్తాన్, పెరూ, టర్కీ. ఈ ఆరు దేశాల జాతీయ విపత్తు ప్రణాళికలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. పేరు మూసేసి చేతికిస్తే ఏది ఏ దేశానిదో చెప్పడం కష్టం. ముప్పు అంచనా, శాఖల బాధ్యతలు, నిధులు, శిక్షణ, మాక్ డ్రిల్, పునర్నిర్మాణం... అధ్యాయాల వరస కూడా దాదాపు అదే. విపత్తు నష్టం తగ్గించడానికి ఐక్యరాజ్యసమితి తెచ్చిన 2005 హ్యోగో, 2015 సెండాయ్ చట్రాలకు అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి కాబట్టి ఆ భాషే అందరి కాగితాల్లోకీ వచ్చేసింది.

మరి నేల కదిలినప్పుడు ఫలితాలు ఎందుకు ఇంత వేరుగా ఉంటున్నాయి? 2010 పోలిక మీకు తెలిసిందే. జనవరి 12న హైతీలో 7.0 తీవ్రత. మృతులు లక్ష నుంచి మూడు లక్షల పైదాకా రకరకాల లెక్కలు. ఫిబ్రవరి 27న చిలీలో 8.8, అంటే విడుదలైన శక్తి సుమారు 500 రెట్లు. మృతులు 525 దగ్గర. దీన్ని చూపించి "చిలీ ప్లాన్ కాపీ కొడితే సరి" అనేవాళ్లు ఉన్నారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. హైతీలో కదిలిన భూమి లోపలి పగులు (ఫాల్ట్) రాజధాని పక్కనే, లోతు తక్కువ. చిలీది సముద్రం అడుగున.

ప్రశ్న ఇది: ఈ ప్లాన్లను పోల్చాలంటే దేన్ని కొలవాలి?

లెక్కల మాస్టారు

ముందు ఒక మాట. మృతుల సంఖ్యతో మాత్రం కొలవకండి. అందులో ప్లాన్ కన్నా క్యాలెండర్ వాటా ఎక్కువ.

2005 అక్టోబర్ 8, పాకిస్తాన్, శనివారం ఉదయం తొమ్మిదికి కాస్త ముందు. ఆరోజు అక్కడ బడి ఉంది. పిల్లలు క్లాసుల్లో కూర్చుని ఉన్నారు. మొత్తం 73 వేలకు పైగా చనిపోతే, అందులో 17 నుంచి 19 వేల మంది బడి పిల్లలే అని లెక్క. 2015 ఏప్రిల్ 25, నేపాల్, అదీ శనివారమే, మధ్యాహ్నం 12కు నాలుగు నిమిషాల ముందు. నేపాల్‌లో శనివారం సెలవు. వేల బడులు కూలాయి, గదులు ఖాళీ. మొత్తం మృతులు దాదాపు 9 వేలు.

ఇప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి "నేపాల్ సన్నద్ధత మెరుగు" అంటే ఒప్పుకుంటారా? అదే భూకంపం ఆదివారం వచ్చి ఉంటే మనం ఈ చర్చలో నేపాల్ గురించి వేరేలా మాట్లాడుకునేవాళ్లం.

సైట్ ఇంజనీర్

మాస్టారు చెప్పింది కరెక్ట్. అంకెలు పక్కన పెట్టి, రూలు కాగితం మీది నుంచి సైటు దాకా ఎంత దూరం నడిచిందో చూడండి. నా వరకు కొలత అదే.

ఒక చిన్న వస్తువు తీసుకుందాం. పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ రింగులు కడతారు. రింగు కొసను 90 డిగ్రీలు వంచి వదిలేస్తే మామూలు రోజుల్లో ఏ తేడా కనపడదు. బిల్డింగ్ ఊగినప్పుడు పైనున్న కవర్ కాంక్రీట్ రాలుతుంది, రింగు నోరు తెరుచుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోయి స్లాబు మీద స్లాబు కూర్చుంటుంది. అదే కొసను 135 డిగ్రీలు లోపలికి వంచితే, పైపూత రాలినా లోపలి కాంక్రీట్‌ను పట్టుకునే ఉంటుంది. ఖర్చులో తేడా ఎంత? రింగుకు నాలుగు వేళ్లంత ఇనుము, కడ్డీ వంచేవాడికి ఇంకాస్త ఓపిక. భూకంప ముప్పున్న దేశాల కోడ్‌లు, అంటే కట్టడాల నియమావళులు, చాలావాటిలో ఈ రూలు ఉంది. కాంక్రీట్ పోసేశాక మాత్రం ఎవరికీ కనపడదు. పోసేముందు ఎవరో ఒకరు వంగి చూడాలి. ఆ చూసేవాడికి జీతం ఎవరిస్తున్నారు? పోలిక అక్కడ మొదలుపెట్టండి.

టర్కీ కథంతా ఇదే. 1999 ఆగస్టు 17న ఇజ్మిత్‌లో అధికారిక లెక్క ప్రకారమే 17 వేల మందికి పైగా పోయారు. కోడ్ లేదని కాదు, ఉంది. ఆ తర్వాత చేసినవి చూడండి: 2000లో తప్పనిసరి భూకంప బీమా, 2001లో నిర్మాణ తనిఖీ చట్టం, 2009లో విపత్తులన్నిటికీ కలిపి ఆఫాద్ అనే ఒకే సంస్థ, 2018లో కొత్త కోడ్, కొత్త ముప్పు మ్యాపు. పరీక్ష పెడితే టర్కీకి ఫస్ట్ క్లాస్ మార్కులు. కానీ తనిఖీ చట్టం మొదట 19 రాష్ట్రాలకే. దేశమంతటికీ వచ్చింది 2011లో. పైగా తనిఖీ చేసే కంపెనీని ఎంచుకునే ఏర్పాటు చాలాకాలం కట్టేవాళ్ల చేతుల్లోనే నడిచింది. కంప్యూటర్ ద్వారా కంపెనీని కేటాయించడం 2019లో గానీ రాలేదు.

తనిఖీ చేయించుకునేవాడే తనిఖీదారుకు డబ్బులిస్తే ఆ రిపోర్టులో ఏముంటుందో చెప్పక్కర్లేదు కదా.

అలలమీద

ఇంజనీర్ గారూ, అసలుది వదిలేశారు. 2018లో ఎన్నికల ముందు టర్కీలో ఇచ్చిన క్షమాభిక్ష. పర్మిషన్ లేకుండా కట్టినా, ఫీజు కట్టి సర్టిఫికెట్ తీసుకోవచ్చన్నారు. ఆ బిల్డింగ్ గట్టిదా కాదా అన్నది యజమాని బాధ్యతట! లక్షల కట్టడాలకు అలా ముద్ర పడింది. 2023 ఫిబ్రవరి 6న ఒకేరోజు 7.8, 7.5. ఒక్క టర్కీలోనే 53 వేల మంది.

ఒక చేత్తో ప్రపంచానికి చూపించే ప్లాన్ రాస్తూ, ఇంకో చేత్తో దాన్ని రద్దు చేసే జీవో ఇవ్వడం. అందుకే నా సలహా: విపత్తు ప్లాన్ చదివాక, ఆ దేశంలో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ ఎన్నిసార్లు జరిగిందో కూడా చూడండి. అసలు ప్లాన్ అది.

కంపనం

కొంచెం న్యాయంగా కూడా మాట్లాడుకుందాం. 2023లో దక్షిణ టర్కీలోని అంతాక్యా వైపు కొన్నిచోట్ల నమోదైన ఊపు, కోడ్ లెక్కకట్టిన దానికన్నా ఎక్కువ. కూలినవాటిలో పెద్ద భాగం పాతవే అయినా, కొత్తవీ కూలాయి. అన్నిటికీ కాంట్రాక్టర్‌నే తిడితే సరిపోదు. అదే భూకంపంలో బేస్ ఐసోలేటర్ల మీద (పునాదికీ భవనానికీ మధ్య పెట్టి ఊపును పైకి పోనివ్వని దిమ్మెల మీద) కట్టిన ఆసుపత్రులు ఆ రాత్రి నుంచే పనిచేశాయి. వంద పడకలు దాటిన ఆసుపత్రులను తీవ్ర ముప్పున్న ప్రాంతాల్లో అలాగే కట్టాలని 2013లో ఆరోగ్య శాఖ పెట్టిన నియమం ఫలితం అది. మరోపక్క ఇస్కెందెరున్‌లో పాత ప్రభుత్వ ఆసుపత్రి బ్లాకు కూలి రోగులు పోయారు. ఒకే దేశం, ఒకే ప్లాన్, ఒకే రోజు.

కాబట్టి "టర్కీ ఫెయిల్" అని గీత గీసేయడం కుదరదు. ప్రభుత్వం తాను కట్టేవాటిలో నియమం నడిచింది. జనం కట్టుకునేవాటిలో నడవలేదు.

మేస్త్రి బాబాయ్

మీరంతా పిల్లర్లు, ఐసోలేటర్లు అంటున్నారు. బాబూ, ఈ దేశాల్లో ఇళ్లు ఎక్కువ శాతం కట్టేది ఇంజనీర్లు కాదు. మేస్త్రి, ఇంటాయన, ఆయన బామ్మర్ది. డ్రాయింగు అంటే నేల మీద కర్రతో గీసిన గీత. వాళ్లకోసం ప్లాన్‌లో ఏముందో చూడండి ముందు.

ఆ లెక్కన నేపాల్ వాళ్ల పని నాకు నచ్చింది. 1988 భూకంపం తర్వాత 1994లో కోడ్ ముసాయిదా రాసుకున్నారు. అందులో ఇంజనీర్ లేకుండా కట్టే ఇళ్లకు విడిగా సూటి నియమాలు పెట్టారు. గది ఇంత దాటకూడదు, కిటికీ మూలకు ఇంత దూరంలో ఉండాలి, పునాది మీద, లింటెల్ దగ్గర, కప్పు కింద బెల్టు పోయాలి, ఇలా. లెక్కలు అక్కర్లేదు, టేపు చాలు. కాకపోతే ఆ కోడ్‌కు ప్రభుత్వ ఆమోదం దొరికింది 2003లో. తొమ్మిదేళ్లు ఫైల్లో నిద్రపోయింది.

పాకిస్తాన్‌లో ఇంకో మంచి పని జరిగింది. 2005 తర్వాత మొదట్లో సిమెంటు ఇటుక, కాంక్రీట్ ఇళ్లకే సాయం డబ్బు అన్నారు. కొండల మీదికి సిమెంటు ఎవడు మోస్తాడు? ఈలోగా జనం గమనించింది ఏంటంటే, చెక్క చట్రంలో రాళ్లు, మట్టి నింపి కట్టే పాతకాలం ధజ్జీ దీవారీ ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. దాంతో 2006లో దాన్నీ ఒప్పుకున్నారు. అలాంటి ఇళ్లు వేలకు వేలు లేచాయి. పెరూ కూడా మట్టి ఇటుక ఇళ్లకు విడిగా కోడ్ పెట్టుకుంది. గోడకు రెండువైపులా ప్లాస్టిక్ మెష్ కట్టి పైన మట్టి పూత పూయడం అక్కడి యూనివర్సిటీ వాళ్లు షేక్ టేబుల్ మీద ఊపి చూసి తేల్చిన పద్ధతే. మొరాకోకు కూడా మట్టి కట్టడాల కోడ్ 2011 నుంచి ఉంది. 2023 సెప్టెంబర్‌లో అట్లాస్ కొండల్లో కూలినవి ఆ కోడ్ పేరు కూడా వినని ఇళ్లు. దాదాపు 2,900 మంది పోయారు.

కోడ్ ఉండటం వేరు, మేస్త్రి చెవిన పడటం వేరు.

వానచినుకు

అందరికీ నమస్తే, ఈ సబ్జెక్టుకు కొత్త. ఒక డౌట్. ఇన్ని కోట్ల ఇళ్లు సరిచేయడం ఎలాగూ అయ్యే పని కాదు కదా. దాని బదులు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ పెట్టుకుంటే చవక కాదా? మెక్సికోలో సైరన్ మోగుతుందని, జనం రోడ్ల మీదికి వచ్చేస్తారని వీడియోలు చూశాను.

కంపనం

మంచి ప్రశ్న. మెక్సికో సైరన్ 1991 నుంచి ఉంది, 1985 సెప్టెంబర్ 19 దెబ్బ తర్వాత పెట్టుకున్నది. పసిఫిక్ తీరంలో భూకంపం పుడితే అక్కడి సెన్సర్లు పసిగడతాయి. రేడియో సిగ్నల్ భూకంప తరంగాలకన్నా వేగంగా వెళ్తుంది కాబట్టి 300 కిలోమీటర్ల అవతలున్న రాజధానికి నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ టైమ్ దొరుకుతుంది. 2017 సెప్టెంబర్ 7 రాత్రి చియాపాస్ తీరంలో 8.2 వచ్చినప్పుడు అది చక్కగా పనిచేసింది.

పన్నెండు రోజులకే, సెప్టెంబర్ 19న, 1985 జ్ఞాపకంగా ఉదయం 11 గంటలకు దేశమంతా డ్రిల్ చేశారు. మధ్యాహ్నం 1:14కు నిజంగానే వచ్చింది, 7.1. ఈసారి అది పుట్టింది తీరంలో కాదు, రాజధానికి 120 కిలోమీటర్ల దూరంలో, నేల కింద. చాలాచోట్ల సైరన్, ఊపు ఒకేసారి మొదలయ్యాయి. మొత్తం 370 మంది పోయారు. ఒక ప్రైవేటు బడి కూలి 19 మంది పిల్లలు, ఏడుగురు పెద్దవాళ్లు చనిపోయారు. ఆ బడి మీద అదనపు అంతస్తు వేశారని తర్వాత విచారణలో బయటపడింది. ఆ అంతస్తును సైరన్ ఏం చేయగలదు?

హెచ్చరిక అనేది దూరం ఉన్నచోటే పనికొస్తుంది. పగులు కాళ్ల కింద ఉన్న ఊరికి అది కొన్ని సెకన్లు, ఒక్కోసారి సున్నా.

అలలమీద

సునామీ విషయంలో అయితే హెచ్చరిక ప్రాణం కాపాడుతుంది, కానీ అదీ యంత్రం ఒక్కటే కాదు. ఇండోనేషియాది చూడండి. 2004 డిసెంబర్ 26 తర్వాత విదేశీ సాయంతో పెద్ద వ్యవస్థ పెట్టుకున్నారు. సునామీని పసిగట్టే తేలే యంత్రాలు (బోయలు) సముద్రంలో పెట్టారు. మెయింటెనెన్స్‌కు డబ్బుల్లేక కొన్నేళ్లకే అవి పనిచేయడం మానేశాయి. 2018 సెప్టెంబర్ 28న పాలూలో 7.5 వచ్చిన కొద్ది నిమిషాలకే అల ఊళ్లోకి వచ్చింది. తీరంలో సైరన్లు మోగలేదు. పెతోబో, బలరోవా అనే పేటల్లో నేలే బురదై ఇళ్లను మోసుకుపోయింది. మొత్తం 4,300 పైనే.

అదే దేశంలో సిమెయులుయే అనే దీవి ఉంది. 1907లో ఒక సునామీ అక్కడ ఘోరం చేసింది. అప్పటి నుంచి అమ్మమ్మలు, తాతలు పిల్లలకు పాటల్లో, కథల్లో ఒకటే చెప్పారు: నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. దానికి వాళ్ల భాషలో స్మోంగ్ అని పేరు. 2004లో ఆ దీవి భూకంప కేంద్రానికి బాగా దగ్గర. దాదాపు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురు. ఒక్క బోయ లేదు, ఒక్క సైరన్ లేదు.

ఆకాశవీధి

చైనాలో 1975లో హైచెంగ్ భూకంపాన్ని ముందే చెప్పి ఊరు ఖాళీ చేయించారు కదా. పాములు బయటికి వచ్చాయట. గ్రహాల పొజిషన్ కూడా చూస్తే...

మోడరేటర్

హైచెంగ్‌లో ముందు నుంచీ చిన్న చిన్న ప్రకంపనలు వరసగా వచ్చాయి. తర్వాతి ఏడాదే తాంగ్‌షాన్‌లో ఏ సూచనా పట్టుకోలేక అధికారికంగానే రెండు లక్షల నలభై వేలకు పైగా పోయారు. గ్రహాలకు వేరే విభాగం ఉంది, అక్కడ కలుద్దాం. ఇక్కడ ప్లాన్ల గురించే.

లెక్కల మాస్టారు

డబ్బుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ప్లాన్‌లో "తగిన నిధులు కేటాయించబడతాయి" అని ఉంటే ఆ పేజీ చింపేయొచ్చు. అంకె ఉంటేనే చదవండి.

ఫిలిప్పీన్స్ 2010 చట్టంలో అంకె ఉంది. ప్రతి స్థానిక ప్రభుత్వం తన రెగ్యులర్ ఆదాయంలో 5 శాతానికి తగ్గకుండా విపత్తు నిధికి పక్కన పెట్టాలి. అందులో 30 శాతం విపత్తు వచ్చాక వెంటనే వాడుకోవడానికి, మిగతా 70 శాతం రాకముందే చేయాల్సిన పనులకు. ఆ ఏడాది వాడకపోతే మురిగిపోదు. ప్రత్యేక ఖాతాలోకి పోయి ఐదేళ్లు ఉంటుంది. నేను చూసినంతలో ఇది బాగా రాసిన రూల్. లోపం కూడా ఇక్కడే ఉంది. పెద్ద నగరానికి 5 శాతం అంటే బోలెడు డబ్బు, పేద మున్సిపాలిటీకి 5 శాతం అంటే నాలుగు టార్చ్‌లైట్లు, ఒక రెస్క్యూ బోటు. ముప్పు ఎక్కువున్నచోట ఆదాయం ఎక్కువ ఉండాలని రూలేం లేదుగా. పైగా ఏటా తుఫాన్లు వస్తాయి కాబట్టి డబ్బు అటే పోతుంది. ఎప్పుడో వచ్చే భూకంపానికి మిగలదు.

మెక్సికో ఇంకో దారి పట్టింది. 1996లో ఫోండెన్ అనే జాతీయ విపత్తు నిధి, 2006లో దాని మీద భూకంప బాండ్లు, అంటే పెద్ద భూకంపం వస్తే మదుపరుల డబ్బు ప్రభుత్వానికి వచ్చే ఏర్పాటు. ప్రపంచమంతా మోడల్ అని పొగిడింది. 2020లో పార్లమెంటు ఆ ట్రస్టు నిధిని రద్దు చేసేసింది. మోడల్ అని రాసిన రిపోర్టులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి పునాదిరాయి గారూ, పోలిక రాసేటప్పుడు ఏ ఏడాది సంగతో తప్పకుండా రాయండి.

హైతీ కూడా 2010లో కరీబియన్ దేశాల ఉమ్మడి బీమాలో ఉంది. రెండు వారాల్లో డబ్బు వచ్చింది, సుమారు 77 లక్షల డాలర్లు. జరిగిన నష్టం వందల కోట్ల డాలర్లు.

మ్యాప్‌పిచ్చి

ఫిలిప్పీన్స్ గురించి నాదో ముక్క. 2004లో జపాన్ సంస్థతో కలిసి చేసిన అధ్యయనంలో, మనీలా పక్కన వెస్ట్ వ్యాలీ పగులు 7.2తో కదిలితే 34 వేల మంది దాకా చనిపోవచ్చని అంచనా వేశారు. సాధారణంగా ఇలాంటి అంకెను ప్రభుత్వాలు బీరువాలో పెట్టి తాళం వేస్తాయి, స్థలాల రేట్లు పడిపోతాయని. వీళ్లు 2015లో ఆ పగులు ఏ వీధి మీదుగా పోతుందో అట్లాస్‌గా అచ్చేసి జనానికి ఇచ్చారు. మీ ఇల్లు పగులుకు ఎంత దూరమో చూసుకునే యాప్ కూడా ఉంది. పగులుకు రెండువైపులా ఐదేసి మీటర్లు వదలాలంటారు. ఇల్లు ఎంత గట్టిదో యజమాని తనంతట తాను చూసుకునేందుకు 12 ప్రశ్నల కాగితం కూడా ఇచ్చారు.

ముప్పు మ్యాపు జనం చేతికి దొరుకుతుందా లేదా అన్నది నా కొలత. వీధి స్థాయిలో దొరకాలి. దేశం మొత్తానికి నాలుగు రంగులేసిన పటం అయితే గోడకు తగిలించుకోవడానికే.

పునాదిరాయి

మంచి సమాచారం వస్తోంది, థ్యాంక్స్. అయితే ఒక వాదన నన్ను వదలడం లేదు. 2011లో నేచర్ పత్రికలో ఆంబ్రసేస్, బిల్హామ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు రాసింది: అంతకుముందు ముప్పై ఏళ్లలో భూకంపాల్లో కట్టడాలు కూలి పోయినవాళ్లలో 83 శాతం మంది, ఆదాయం బట్టి ఉండాల్సిన దానికన్నా అవినీతి ఎక్కువున్న దేశాలవాళ్లేనట. ఇది నిజమైతే మనం ప్లాన్లు పోల్చడం ఎందుకు, అవినీతి సూచీ చూస్తే పోలా?

సైట్ ఇంజనీర్

అక్కడితో ఆగితే చేసేదేం ఉండదు. అవినీతి అనేది వాతావరణం కాదు కదా, ఏదో ఒక టేబుల్ దగ్గర జరుగుతుంది. ఆ టేబుల్ ఎక్కడుందో ప్లాన్ చెప్పాలి.

చిలీ దాన్ని వేరేగా పట్టుకుంది. అక్కడ బిల్డింగ్ కట్టించి మొదట అమ్మినవాడు పిల్లర్లు, స్లాబుల లాంటి వాటికి పదేళ్లు బాధ్యుడు. సంతకం పెట్టిన ఆఫీసరు ఎవరన్నది తర్వాతి సంగతి, అమ్మినవాడి మెడ మీద కత్తి ఉంటుంది. 2010లో కన్సెప్షన్ నగరంలో ఆల్తో రియో అనే 15 అంతస్తుల కొత్త బిల్డింగ్ వెల్లకిలా పడిపోయి ఎనిమిది మంది పోతే, బిల్డర్లను, ఇంజనీర్‌ను కోర్టుకీడ్చారు. భయం ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలుసు.

అలలమీద

చిలీని మరీ ఆకాశానికెత్తకండి. అదే 2010లో నౌకాదళం వాళ్లు సునామీ హెచ్చరిక ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. జనం కిందికి దిగాక అలలు వచ్చాయి. నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. రాత్రింబవళ్లు మనుషులుండే భూకంప కేంద్రం పెట్టారు, అనుమానం ఉంటే ముందు ఖాళీ చేయించు అనే పద్ధతికి మారారు. 2014లో ఇకికే దగ్గర 8.2 వస్తే ఆరుగురు పోయారు, 2015లో ఇయ్యపెల్‌లో 8.3 వస్తే పది లక్షల మందిని తరలించారు, పోయింది 15 మంది. ఐదేళ్లలో తప్పు దిద్దుకోవడం అంటే అది.

మేస్త్రి బాబాయ్

బడుల సంగతి మాస్టారు ఎత్తి వదిలేశారు. నేపాల్‌లో ఎన్‌సెట్ అనే సంస్థ 1993లో మొదలైంది. వాళ్లు కాఠ్మండూ లోయలో పాత బడులకు ఇనుప జాలీలు, కాంక్రీట్ బెల్టులు కట్టి బలపరిచారు. గమ్మత్తేంటంటే ఆ పనికి బయటినుంచి కంపెనీని తేలేదు, ఆ ఊరి మేస్త్రిలకే నేర్పి చేయించారు. బడి పని అయ్యాక వాళ్లే ఊళ్లో ఇళ్లు కడతారుగా! విద్య అలా పాకుతుంది. 2015లో లోయలో బలపరిచిన బడులు దాదాపు అన్నీ నిలబడ్డాయి, కొన్నిచోట్ల జనం వాటిలోనే తలదాచుకున్నారు.

చైనాలో 2008 మే 12న సిచువాన్‌లో బడులు ఎన్ని కూలాయో తెలుసుగా. అక్కడే సాంగ్‌జావ్ అనే ఊళ్లో హెడ్‌మాస్టర్ యే జిపింగ్ ఏళ్లతరబడి తిరిగి డబ్బు పోగేసి తన బడి పిల్లర్లు లావు చేయించాడు, పిల్లలతో డ్రిల్ చేయించాడు. ఆరోజు 2,300 మంది పిల్లలు నిమిషం 36 సెకన్లలో గ్రౌండ్‌లో ఉన్నారు. ఏ జాతీయ ప్లాన్‌లోనూ లేని మనిషి. అలాంటివాడి మీద ఆధారపడాల్సి రావడమే ఆ ప్లాన్‌కు తక్కువ మార్కులు.

కంపనం

బాబాయ్ చివరి వాక్యం నా పోలికలో వాడుకుంటాను.

నేపాల్ పునర్నిర్మాణం గురించి రాయాలి, ఎందుకంటే ఇంజనీర్ గారు అడిగిన "వంగి చూసేవాడు" అక్కడ దొరుకుతాడు. 2015 డిసెంబర్‌లో పునర్నిర్మాణ సంస్థ పెట్టి, ఇల్లు కూలినవాళ్లకు 3 లక్షల నేపాలీ రూపాయలు ప్రకటించారు. ఒకేసారి ఇవ్వలేదు. ఒప్పందం రాసుకున్నాక 50 వేలు. పునాది లేచాక ఇంజనీర్ వచ్చి చూసి సరే అంటే లక్షన్నర. గోడలు, బెల్టులు చూశాక చివరి లక్ష. ఇల్లు కట్టుకునేది ఇంటివాళ్లే. లక్షల ఇళ్లు అలా లేచాయి. డబ్బు ఆశతో తనిఖీని జనమే పిలిపించుకునేలా చేశారన్నమాట. గుజరాత్‌లో 2001 భుజ్ తర్వాత విడతల వారీగా, ఇంటివాళ్ల చేతికే డబ్బిచ్చిన పద్ధతి దీనికి అన్నలాంటిది.

ఇబ్బందులూ ఉన్నాయి. 3 లక్షలకు పాత ఇల్లంత రాదు. దాంతో చాలామంది విడత కోసం ఒక గది కట్టి, పశువులకో, సామానుకో వాడుకుని, పగిలిన పాత ఇంట్లోనే పడుకున్నారు. పేపర్ మీద ఒక సురక్షితమైన ఇల్లు పూర్తయినట్టు లెక్క. ఆ పక్కన అటూ ఇటూ రేకులు వేసి, పైన ఇంకో గది లేపితే దానికి తనిఖీ లేదు.

ఇంకా పెద్ద సమస్య 2023 నవంబర్‌లో కనిపించింది. పశ్చిమాన జాజర్‌కోట్‌లో 2015 దానితో పోలిస్తే చాలా చిన్న భూకంపం, అర్ధరాత్రి. 150 మందికి పైగా పోయారు. రాయి, మట్టి ఇళ్లు. 2015లో ఆ వైపు కూలలేదు కాబట్టి ఆ డబ్బూ రాలేదు, ఆ ఇంజనీరూ రాలేదు. అదే దేశం, అదే కోడ్. దెబ్బ తిన్న జిల్లాలు నేర్చుకున్నాయి, తినని జిల్లాలు కాదు.

లెక్కల మాస్టారు

అంటే ఇంత మంచి పద్ధతికి టికెట్టు ముందు ఇల్లు కూలడం! కూలకముందే ఇదే విడతల పద్ధతిలో, పాత ఇల్లు బలపరచుకోవడానికి డబ్బిచ్చిన దేశం ఉందా? ప్రభుత్వ భవనాలు కాదు, జనం ఇళ్లు.

మ్యాప్‌పిచ్చి

ప్రభుత్వ భవనాలకైతే ఉన్నాయి మాస్టారూ. కొలంబియాలో బొగొటా నగరం 2004 తర్వాత రెండు వందల బడుల దాకా బలపరిచింది లేదా కొత్తగా కట్టింది. ఇస్తాంబుల్‌లో ప్రపంచ బ్యాంకు అప్పుతో 2006లో మొదలుపెట్టి బడులు, ఆసుపత్రులు బలపరుస్తూ వచ్చారు. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికే అందరి బండీ ఆగిపోతోంది.

సైట్ ఇంజనీర్

ఇళ్లకు టర్కీ 2012లో ఒక చట్టం చేసింది. ప్రమాదకరం అని తేలిన అపార్ట్‌మెంట్‌ను యజమానుల్లో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే పడగొట్టి కట్టొచ్చు. ఆ మెజారిటీ దొరక్క ఏళ్లు గడిచాయి. 2023 భూకంపం తర్వాత సగానికి పైన ఉంటే చాలని మార్చారు. అయినా బిల్డర్ ముందుకొచ్చేది పైన రెండు అంతస్తులు అదనంగా అమ్ముకోగలిగిన పేటల్లోనే. స్థలం రేటు లేని పేటలో బిల్డర్‌కు లాభం లేదు, యజమానికి డబ్బు లేదు. ప్రమాదకరం అని తేలుతుందేమోనని కొందరు అసలు టెస్టే చేయించుకోరు, ఒకసారి తేలితే ఖాళీ చేయాలి కాబట్టి.

వానచినుకు

అద్దెకు ఉండేవాళ్ల సంగతి? వాళ్లు టెస్ట్ అడగొచ్చా?

సైట్ ఇంజనీర్

అక్కడ టెస్ట్‌కు దరఖాస్తు పెట్టుకునే హక్కు యజమానికే. అద్దెకుండేవాళ్లకు ఓటూ లేదు. పునాదిరాయి గారూ, మీ ఆరు దేశాల కాగితాల్లో అద్దెకుండేవాళ్ల గురించి ఎక్కడైనా ఒక్క పేరా ఉంటే ఇక్కడ పెట్టండి, దాన్నించి ముందుకెళ్దాం.

పునాదిరాయి

వెతికాను. తాత్కాలిక శిబిరాల అధ్యాయంలో ఉన్నారు, ఇల్లు పోయాక. ముందు అధ్యాయాల్లో లేరు.